డబ్బుల్లేని షార్ట్ ఫిల్మ్‌కి నటులు ఎక్కడ దొరుకుతారు? ఏళ్ల తరబడి వాడి చూసిన దారుల మీద నా సమీక్ష

యూట్యూబ్‌లో తెలుగు షార్ట్ ఫిల్మ్‌లు జోరందుకున్న రోజుల నుంచి నేను హైదరాబాద్‌లో చిన్న సినిమాలు తీస్తున్నాను. ఉద్యోగం వదల్లేదు కాబట్టి అన్నీ శని, ఆదివారాల్లో తీసినవే. కెమెరా స్నేహితుడిది, ఇల్లు తెలిసినవాళ్లది, ఎడిటింగ్ ఇంట్లో కంప్యూటర్ మీద. ఇవన్నీ కాస్త మొహమాటపెడితే కుదిరిపోతాయి. నటులు మాత్రం మొహమాటంతో దొరకరు, దొరికినా రెండో రోజుకి ఉండరు. అందుకే రెమ్యునరేషన్ ఇవ్వలేని సినిమాకి మనుషులు దొరికే దారుల్లో నేను బాగా వాడినవాటి గురించి, వాటిలో దేన్ని నమ్ముకోవచ్చో రాస్తున్నాను. నా ఓటు ఎవరికో ముందే చెప్పేస్తాను: నాటకాల వాళ్లకి.

అందరూ మొదలుపెట్టేది వాట్సాప్, టెలిగ్రామ్ క్యాస్టింగ్ గ్రూపులతో. ఒక్కో వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కాబట్టి, కొన్ని గ్రూపుల్లో పోస్టు పెడితే సాయంత్రానికి ఫోన్ నిండా ఫొటోలే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. రాజ్ తరుణ్, సుహాస్ లాంటివాళ్లు షార్ట్ ఫిల్మ్‌ల నుంచే పెద్ద సినిమాలకి వెళ్లారు కదా, ఆ దారిలో తామూ వెళ్లాలని వీళ్ల ఆశ. ఆ ఆశ మీద నాకు గౌరవం ఉంది. కానీ నా కథల్లో ఉండేది రిటైరైన తండ్రి, వాచ్‌మన్ భార్య, కిరాణా కొట్టు ఆయన. ఆ వయసువాళ్లు ఈ గ్రూపుల్లో కనపడరు. కాలేజీ కథో, రూమ్మేట్ల కథో అయితే గ్రూపులు చాలు. నడివయసు పాత్ర ఒక్కటున్నా అక్కడ రోజులు పాడుచేసుకోకండి.

పోస్టు రాసే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. ‘మేల్, ఫిమేల్ కావలెను, ఏజ్ 18–25, ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు పింగ్ చేయండి’ అని పెడితే అందరూ పింగ్ చేస్తారు, షూటింగ్‌కి ఎవరూ రారు. నేను మొదటి లైన్లోనే రెమ్యునరేషన్ లేదని రాస్తాను. తర్వాత షూటింగ్ తారీఖులు, ఏరియా, పొద్దున ఎన్నింటికి మొదలు, రాత్రి ఎన్నింటికి వదిలేస్తాం, పాత్ర వయసు, ఏ యాస మాట్లాడాలి, కథ రెండు ముక్కల్లో, రానుపోను ఛార్జీల సంగతి, తీసిన క్లిప్పు ఎప్పుడు చేతికిస్తాం. ఇంత రాశాక వచ్చే మెసేజ్‌లు బాగా తగ్గిపోతాయి. ఆ మిగిలినవాళ్లే వచ్చేవాళ్లు. ఇవే గ్రూపుల్లో ‘ఆడిషన్ రిజిస్ట్రేషన్ ఫీజు’, ‘ఆర్టిస్ట్ కార్డు ఇప్పిస్తాం’ అంటూ డబ్బులు గుంజేవాళ్లూ తిరుగుతుంటారు. వాళ్ల దగ్గర దెబ్బతిన్న పిల్లలు మన పోస్టుని కూడా అనుమానంగానే చూస్తారు. అందుకే మన పాత సినిమాల లింకులు పోస్టులోనే పెట్టాలి.

ఫొటోలు కాదు, వీడియో అడగండి. అదీ హీరోల డైలాగులు వద్దు. నేనిచ్చే పరీక్ష ఇది: ఫోన్ చెవిన పెట్టుకుని కూర్చోవాలి, అవతల అప్పిచ్చినాయన మాట్లాడుతుంటాడు, నిమిషం సేపు వినాలి, రెండు మూడు మాటలకి మించి అనకూడదు. వినడం రాని నటుడు అక్కడే దొరికిపోతాడు. అవతలాయన మాట పూర్తయ్యేంత టైమ్ కూడా ఇవ్వకుండా ‘సరేనండీ, సరేనండీ’ అనేస్తుంటాడు. వినడం వచ్చిన అమ్మాయి ఒకామె మధ్యలో గొంతు తగ్గించి, వంటింటి వైపు ఒకసారి చూసి, లేచి బాల్కనీలోకి వెళ్లింది. ఇంట్లోవాళ్లకి అప్పు సంగతి తెలియదన్నమాట. అది నేను చెప్పలేదు, తనే ఊహించుకుంది. ఇంకో ఆడిషన్ అవసరం లేకుండానే ఆమెని తీసుకున్నాను.

ఇన్‌స్టాగ్రామ్ దారి వేరు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధించాక అక్కడ చేసేవాళ్లు చాలామంది రీల్స్‌కి వచ్చారు. వీళ్లకి కెమెరా అంటే బెదురుండదు, అది పెద్ద ప్లస్. పది, పదిహేను సెకన్లలో పంచ్ వేయడం అలవాటు కావడంతో పొడుగాటి షాట్‌లో ఊరికే కూర్చోమంటే ఇబ్బంది పడతారు. నాకు ఇన్‌స్టాగ్రామ్ బాగా పనికొచ్చింది యాసల కోసం. శ్రీకాకుళం మాట కావాలంటే శ్రీకాకుళంలో పుట్టి పెరిగినవాళ్లు తమ ఇంటి మాటలో చేసే రీల్స్ వెతికి, నేరుగా మెసేజ్ పెడతాను. కరీంనగర్, కడప అయినా అంతే. నేర్చుకుని పలికే యాస ఆ జిల్లావాళ్ల చెవిన పడగానే తేలిపోతుంది, కింద కామెంట్లలో ముందు దాన్నే పట్టుకుంటారు.

ఇక నాటకం. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. నాటక సమాజాలు వచ్చి పోటీపడే ఆ పరిషత్తు పోటీల సంప్రదాయం కోస్తా ఊళ్లలో ఇప్పటికీ నడుస్తోంది. ఆ పోటీల్లో ఆడేవాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, రైల్వేవాళ్లు ఎందరో. పగలంతా ఉద్యోగం, రాత్రి రిహార్సల్. నటించకుండా ఉండలేక నటించే మనుషులు. రిటైరయ్యాక పిల్లల దగ్గరికి వచ్చి కూకట్‌పల్లిలోనో, మియాపూర్‌లోనో ఉంటున్నవాళ్లు కూడా ఉన్నారు. పరిషత్తులకి తిరిగిన మనిషి అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఏం చేయాలో తోచక ఉంటాడు. అలాంటి ఆయనకి స్క్రిప్టు పట్టుకెళ్లి ఇస్తే ఎంత సంతోషిస్తాడో చూస్తేగానీ తెలియదు. వాళ్లని పట్టుకోవాలంటే రవీంద్రభారతిలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో నాటిక ఉన్న రోజు వెళ్లి, పూర్తిగా చూసి, అయిపోయాక మేకప్ గది దగ్గర ఆగి పలకరించాలి. నాటిక చూడకుండా ఆఖర్లో వెళ్లి విజిటింగ్ కార్డు ఇవ్వడం మర్యాద కాదు, పని కూడా జరగదు.

ఈ పెద్దవాళ్లు మొదట అడిగేది ‘మొత్తం స్క్రిప్టు పంపు బాబూ’ అని. డబ్బు సంగతి ఆ తర్వాత. పంపితే మరుసటి వారానికి వాళ్ల మాటలతో పాటు ఎదుటి పాత్ర మాటలు కూడా నోటికి వచ్చేసి ఉంటాయి. పొద్దున ఏడింటికి రమ్మంటే ఆరూ ముప్పావుకి గేటు దగ్గర ఉంటారు. షాట్ లైటింగ్ గంట పట్టినా విసుక్కోరు, కుర్చీలో కూర్చుని లైన్లు చెప్పుకుంటుంటారు.

లోపం ఒకటుంది. గొంతు. మైకులు సరిగ్గా లేని మైదానాల్లో ఆఖరి వరసకి వినపడేలా మాట్లాడిన అలవాటు కదా, క్లోజప్‌లో అది మోత మోగుతుంది. ఒక సినిమాలో తండ్రి పాత్రకి బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక మాస్టారిని తీసుకున్నాం (మా యూనిట్ అంతా ఆయన్ని మాస్టారూ అనే పిలిచేవాళ్లం). రాత్రి పూట వారం రోజుల మాత్రలు డబ్బా గడుల్లో సర్దుకుంటూ అమెరికాలో ఉన్న కొడుకుతో ఫోన్లో మాట్లాడే సీను. మొదటి టేకుల్లో కొడుకు ఫోన్ లేకపోయినా అమెరికాలో వినిపించేలా ఉంది ఆయన గొంతు. ‘తగ్గించండి మాస్టారూ’ అంటే గొంతుతో పాటు ప్రాణం కూడా తగ్గిపోతోంది. అప్పుడు, ‘పక్క గదిలో మీ ఆవిడకి ఇప్పుడే నిద్ర పట్టింది, లేస్తే మళ్లీ పడుకోరు’ అని చెప్పాను. ఆయన తలుపు వైపు చూశారు. మాత్ర గడిలో వేస్తే టిక్కుమని చప్పుడవుతుందని వేలితో ఆపి మెల్లగా జారవిడిచారు. మాట దానంతటదే దిగింది. నాటకం వాళ్లకి ‘తక్కువ చెయ్యండి’ అని చెప్తే పని జరగదు. ఎందుకు తక్కువగా మాట్లాడాలో కారణం ఇవ్వాలి. అది ఇస్తే వాళ్లు చేసేది నేను ఏ క్యాస్టింగ్ గ్రూపులోనూ చూడలేదు.

ఆడవాళ్ల పాత్రల దగ్గర మాత్రం ఈ దారిలో ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పరిషత్తు నాటకాల్లో మగవాళ్లు చాలామంది ఇష్టం కొద్దీ ఆడుతుంటారు. నటీమణుల్లో ఎక్కువమందికి అది జీవనాధారం. ప్రదర్శనకి ఇంత అని తీసుకుంటారు, ఒక సీజన్‌లో అనేక నాటక సమాజాలకి ఆడతారు. వాళ్లని ఊరికే చేయమని అడగడం అన్యాయం. సినిమాకి మిగతా ఖర్చంతా ఆపైనా సరే, వాళ్లకి ఇవ్వాల్సింది ఇవ్వండి. నేను ఇస్తాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాలవాళ్లు శేరిలింగంపల్లి వైపు సురభి కాలనీలో ఉంటున్నారు. తరతరాలుగా ఇంట్లో ఆడవాళ్లే స్త్రీ పాత్రలు వేసిన కుటుంబాలవి. నలభై దాటిన, నటన తెలిసిన స్త్రీ కావాలంటే హైదరాబాద్‌లో అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అక్కడా అంతే, పద్యం, పాట, నటన వాళ్ల వృత్తి. తక్కువైనా సరే, గౌరవంగా చేతిలో పెట్టే మొత్తంతో వెళ్లాలి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విద్యార్థులు నా రెండో ఎంపిక. విశాఖలో తీసేవాళ్లకి ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఆ విభాగం ఉంది. శరీరం మీద పట్టు, కొత్తగా ఏదైనా ప్రయత్నించే ధైర్యం వీళ్లకి ఎక్కువ. ఇబ్బంది ఒక్కటే, సెమిస్టర్ చివర్లో వాళ్ల సొంత ప్రొడక్షన్లు ఉంటాయి. ఆ రోజుల్లో అడగొద్దు. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో నాటకాలు వేసే బృందాల్లో కూడా మంచివాళ్లు తగులుతారు, కాకపోతే అక్కడ ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ నాటకాలూ ఎక్కువే కాబట్టి తెలుగు ఎలా పలుకుతారో ముందే విని చూసుకోవాలి.

సినిమా పనివాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లోని కోఆర్డినేటర్లు జూనియర్ ఆర్టిస్టుల్ని ఎంతమందినైనా తెస్తారు. అది రోజుకూలి పని, బత్తా ఇవ్వాలి. డబ్బుల్లేని సినిమాతో ఆ గుమ్మం తొక్కకూడదు. బంధువులు, స్నేహితులతో చేయించడం ఒకటి రెండు డైలాగుల వరకు ఫర్వాలేదు.

ఏ దారిలో వచ్చినా, ఆడిషన్ ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. రూముల్లో, ఫ్లాట్లలో నేను పెట్టను. పార్కులోనో, కేఫ్‌లోనో, తెలిసినవాళ్ల ఆఫీసు హాల్లోనో, పగటి పూట, మా యూనిట్‌లోని ఒక అమ్మాయి కూడా ఉండగా పెడతాం. తోడు ఎవరినైనా తెచ్చుకోమని ముందే చెప్తాం. ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే డైరెక్టరే మాట్లాడాలి, అసిస్టెంట్‌కి అప్పగించకూడదు. ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు షూటింగ్ మొదటి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. రెండో రోజు ‘నాకు పనుంది, మీరే దింపెయ్యండి బాబూ’ అని వెళ్లిపోయారు. ఆ నమ్మకం లేకపోతే ఆడపిల్లలు మన సినిమాల్లోకి రారు, రాకపోవడం వాళ్ల తప్పు కాదు.

పిల్లలతో తీసేవాళ్లు బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు చదవాలి. రోజుకి 5 గంటలకి మించి పనిచేయించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, తల్లిదండ్రుల అంగీకారంతో పాటు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ‘మనది చిన్న సినిమాలే’ అని వదిలేయడం నేను చాలాచోట్ల చూశాను. పిల్లవాడి అలసటకి సినిమా చిన్నదో పెద్దదో తెలియదు.

మనిషి దొరికాక నిలబెట్టుకోవడం ఇంకో పని. వారాంతాల్లో తీసేవాళ్లకి వచ్చే పెద్ద సమస్య కంటిన్యుటీ. మధ్యలో అయిదు రోజులు నటుడు తన ఉద్యోగానికి వెళ్తాడు, అక్కడ క్లీన్ షేవ్ తప్పదు. గడ్డంతో సీను సగంలో ఉంటే ఏం చేస్తాం? అందుకే ఒక పాత్ర సీన్లన్నీ వరసగా ఉన్న రెండు రోజుల్లో అయిపోయేలా షెడ్యూల్ వేస్తాను, కథ క్రమం తప్పినా సరే. డబ్బింగ్ ఉంటే ఆ తారీఖు కూడా షూటింగ్ తారీఖులతో పాటే తీసుకుంటాను. షూటింగ్ అయ్యాక ఊరెళ్లిన నటుణ్ని డబ్బింగ్‌కి రప్పించడం డబ్బిచ్చినా కష్టమే. రిహార్సల్ రోజే చిన్న సీనొకటి సింక్ సౌండ్‌లో, అంటే మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తూ, తీసి చూసుకుంటే డబ్బింగ్ అవసరం పడుతుందో లేదో తెలిసిపోతుంది.

భోజనం టైముకి పెట్టాలి. పెద్దవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లుంటారు, లంచ్ మూడింటికి జరిగితే టెన్షన్ మనకి, ప్రమాదం వాళ్లకి. ఒకటింటికల్లా అన్నం, పెరుగు ఉండాలి. ఆటో ఛార్జీలు ఆ రోజు సాయంత్రమే చేతిలో పెట్టాలి.

ఇంక క్లిప్పు. డబ్బు తీసుకోకుండా చేసిన నటుడికి మిగిలేది అదొక్కటే. మా సినిమాల ఎడిటింగ్ నెలలు పడుతుంది, ఒక్కోసారి సినిమా బయటికే రాదు. అందుకని షూటింగ్ అయిన పది రోజుల్లోపు ఎవరి సీను వాళ్లకి కట్ చేసి, కలర్ కరెక్షన్ చేయకపోయినా, సౌండ్ సరిగ్గా ఉండేలా చూసి పంపిస్తాను. షోరీల్‌లో (నటులు అవకాశాల కోసం చూపించుకునే వీడియోలో) వాడుకోవచ్చని రాసి మరీ పంపుతాను. షూటింగ్‌కి ముందే ఒక పేజీ కాగితం మీద తారీఖులు, టైటిల్స్‌లో పేరు ఎలా పడాలి, క్లిప్పు ఎప్పటికిస్తాం, సినిమాకి తర్వాత డబ్బులొస్తే ఏం చేస్తాం అని తెలుగులో రాసుకుని ఇద్దరం సంతకం చేస్తాం. ఆ మాస్టారు తన క్లిప్పుని ఫోన్లో పెట్టుకుని పరిషత్తు మిత్రులకి చూపించారట. ఆ తర్వాతి సినిమాకి ఊరి పెద్దాయన పాత్రకి మనిషిని వెతుకుతుంటే ఆయనే ఫోన్ చేసి, ‘మా గుంటూరు బ్యాచ్‌లో ఒకాయన ఉన్నాడు, ఆయనకి స్క్రిప్టు పంపిస్తావా?’ అని అడిగారు.