డుబోయిస్‌ను ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

అమెరికా సమాజశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో నల్లజాతి పండితుడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఒకరు. ఆయన్ని కొత్తగా చదివేవాళ్లకు రెండు పుస్తకాల మధ్య సందేహం వస్తుంది: 'ది ఫిలడెల్ఫియా నీగ్రో' (1899), 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' (1903).

ఖర్చు: రెండూ నెట్‌లో ఉచితమే.

శ్రమ: మొదటిది పట్టికలు నిండిన లావు పుస్తకం. రెండోది 14 అధ్యాయాలు, దేనికది విడిగా చదువుకోవచ్చు.

దొరికేది: మొదటి పుస్తకం కోసం 1896-97లో, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఆయన ఇల్లిల్లూ తిరిగి సంపాదన, అద్దె, చదువు, ఆరోగ్యం గురించి అడిగి రాసుకున్నారు. నల్లజాతివాళ్ల పేదరికానికి కారణం పుట్టుక కాదని, బానిసత్వం మిగిల్చిన నష్టం, ఉద్యోగాల్లో వివక్ష అని లెక్కలతో చూపించారు. ఇంత పని చేయించుకున్న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనకు ప్రొఫెసర్ పదవి ఇవ్వలేదు. అది ఘోరమైన అన్యాయం. రెండోదాంట్లో 'ద్వంద్వ చైతన్యం' (నల్లజాతి మనిషి తనను తాను ఎప్పుడూ తెల్లవాళ్ల కళ్లతో కూడా చూసుకోవాల్సి రావడం) అనే ఆలోచన, అప్పటి ప్రముఖ నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌పై విమర్శ, తన పసికొడుకు మరణం గురించిన అధ్యాయం ఉన్నాయి.

రిస్క్: మొదటిదాంట్లో పేదల నడవడిక మీద ఆయన తీర్పులు కొన్నిచోట్ల ఇబ్బంది పెడతాయి. రెండోది ఒక్కటే చదివితే ఆయనలోని పరిశోధకుడు కనపడకుండా పోతాడు.

సర్వేలు, ఫీల్డ్‌వర్క్ చేసేవాళ్లు మొదటిది తీసుకోండి. మిగతా అందరికీ రెండోదే చెబుతాను.