నాన్‌స్టిక్ పెనాలు: సెట్టు వద్దు, మందం చూసి రెండు కొనుక్కోండి చాలు

ముందే చెప్పేస్తున్నా, నాన్‌స్టిక్ జీవితాంతం వస్తుందని ఎవరన్నా అంటే నమ్మకండి. ఎంత పేరున్న కంపెనీదైనా రోజూ వాడే ఇంట్లో రెండేళ్లో మూడేళ్లో, ఒద్దికగా వాడుకుంటే ఇంకొన్నాళ్లు, అంతే. అందుకే "అన్నిట్లోకీ బెస్ట్ ఏది" అని వెతకడం కన్నా పెట్టిన డబ్బుకి ఎన్నాళ్లు దోసె అంటుకోకుండా లేస్తుందో చూసుకుంటే లెక్క తేలుతుంది. మా ఇంట్లో నలుగురం, పొద్దున్నే దోసో పెసరట్టో ఆమ్లెట్టో ఏదో ఒకటి పడాల్సిందే, సాయంత్రాలు వేపుళ్లు, ఎక్కువగా గ్యాస్ మీదే, సిలిండర్ అయిపోతే ఇండక్షన్. ఇలాంటి వంటిల్లే మీదీ అయితే కింద రాసింది పనికొస్తుంది.

దోసెల పెనం సంగతి ముందు. ఇప్పుడు నా పొయ్యి మీద ఉన్నది హాకిన్స్ ఫ్యూచురా నాన్‌స్టిక్ దోసె తవా, 33 సెంటీమీటర్లది, మందం 4.06 మిల్లీమీటర్లు. మందం ఇలా పాయింట్ల తో సహా చెప్పి అమ్మడం నాకు నచ్చింది, చాలా కంపెనీలు రంగు గురించీ లేయర్ల గురించీ పేజీలు రాస్తాయి గానీ మందం మాత్రం ఎక్కడో మూలన పెడతాయి. అడుగు హార్డ్ అనోడైజ్డ్, అంటే అల్యూమినియం పైపొరనే కరెంటుతో గట్టి ఆక్సైడ్‌గా మార్చేస్తారు, దాని మీద కోటింగు గట్టిగా పట్టుకుంటుంది. వేడెక్కడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది కానీ ఒకసారి వేడెక్కాక రెండో దోసె, పదో దోసె ఒకేలా వస్తాయి, నూనె చుక్క లేకపోయినా అంచు దానంతటదే లేస్తుంది, అట్లకాడతో గీకే పనే ఉండదు.

కొత్తగా నాన్‌స్టిక్ కొన్నవాళ్లందరూ చేసే కంప్లయింట్ ఒకటుంది, పిండి వేసి గరిటె తిప్పుతుంటే పిండి పెనానికి పట్టకుండా గరిటెతో పాటే ముద్దగా తిరుగుతుందని. అది పెనం తప్పు కాదండీ, వేడి ఎక్కువైంది. మంట పూర్తిగా తగ్గించి, గుడ్డ తడిపి నీళ్లు పిండేసి దాంతో పెనం ఒకసారి తుడిచి, దోసెపిండి వేసి తిప్పేశాక అప్పుడు మంట పెంచాలి. ఇనప పెనం మీద చేసినట్టు చేత్తో చల్లనీళ్లు చిలకరించి చుయ్‌మనిపించకండి, అల్యూమినియం ఒక్కసారి చల్లబడితే అడుగు వంకర పోతుంది. పెసరట్టుకి కూడా ఇంతే, కాకపోతే పెసరపిండి కొంచెం పలచగా ఉంటేనే తిరుగుతుంది.

మా అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు. "దోసె ఎర్రగా, కరకరలాడుతూ రావాలంటే ఇనప పెనమేనమ్మా, దీని మీద తెల్లగా అట్టముక్కలా వస్తుంది" అంటారు. నిజం చెప్పాలంటే సగం ఒప్పుకుంటాను. ఆ ఎరుపు దీని మీద రాదు, బంగారు రంగు దాకా వస్తుంది. కానీ పొద్దున ఏడింటికి పిల్లల బాక్సులు కట్టే టైములో ఉల్లిపాయ ముక్క పట్టుకుని పెనం రుద్దుతూ కూర్చునే ఓపిక నాకు లేదు, ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు ఆవిడ ఇనప పెనం ఆవిడదే. దిబ్బరొట్టెకి అసలు నాన్‌స్టిక్ జోలికే వెళ్లకండి, దానికి ఇనప మూకుడే.

సైజు విషయం: 33 అంటే పెద్ద పెనం. చిన్న బర్నర్ మీద పెడితే ఏ కంపెనీదైనా మధ్యలో కాలుతుంది, అంచులు తెల్లగా ఉండిపోతాయి. మీకు పెద్ద బర్నర్ లేకపోతే 26, 28 చాలు.

ఇక రెండోది వేపుళ్లకి. 24 సెంటీమీటర్ల కడాయి, ప్రెస్టీజ్ ఒమేగా డీలక్స్ గ్రానైట్. గ్రానైట్ అన్నారని రాయి అనుకోకండి, మార్కెట్లో గ్రానైట్ అని అమ్మేవి చాలావరకు మామూలు నాన్‌స్టిక్ కోటింగే, పైన చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది అంతే. ఇండక్షన్ మీద పనిచేస్తుంది, అది నాకు ముఖ్యం. బెండకాయ వేపుడు ఇందులో ఎంత బాగా వస్తుందంటే, జిగురు అడుక్కి అంటుకోదు కాబట్టి గరిటె పెట్టి మాటిమాటికీ కలపక్కర్లేదు, కలపకపోతే ముక్క చితకదు, ముక్క చితకకపోతే జిగురే రాదు. చేప ముక్కలు కూడా తోలు ఊడకుండా తిరగబడతాయి. నూనె ఎక్కువగా మిగిలేది వీటిలోనే, దోసెల్లో అంత కాదు.

గృహప్రవేశానికి ఎవరో మూడు ముక్కల సెట్టు ఇచ్చారు, కంపెనీ పేరు వద్దులెండి. చూడ్డానికి ఎర్రగా భలే ఉంది, ఒక చేత్తో గాల్లో ఊపేంత తేలిక. కొన్ని నెలలకే అడుగు మధ్యలో పైకి ఉబ్బింది, నూనె వేస్తే చుట్టూ అంచుల్లోకి కాలవలా జారిపోతుంది, మధ్యలో గుడ్డు కొడితే పచ్చసొన కింద ఎండిపోయి చుట్టూ మాత్రం నూనెలో తేలుతుంది. పైగా సెట్టులో ఇచ్చిన ఆ చిన్న సాస్ పాన్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు, పాలు స్టీలు గిన్నెలో కాస్తాం, టీ టీ గిన్నెలో పెడతాం. సెట్ల రేటు చూస్తే చవగ్గా అనిపిస్తుంది కానీ రోజూ వాడేది అందులో ఒకటే, అదే ముందు పోతుంది.

షాపులో చూడాల్సినవి చెప్తా. బేగంబజార్‌లో అయినా డీమార్ట్‌లో అయినా పెనం తీసి కౌంటర్ గాజు మీద పెట్టి ఒక అంచు వేలితో నొక్కండి, ఊగితే వద్దు. బరువు చేతికి తెలియాలి, 3 మిల్లీమీటర్ల లోపు దోసెలకి తీసుకోకండి. ఇండక్షన్ అని రాసున్నా సరే ఫ్రిజ్ మీది మాగ్నెట్ ఒకటి బ్యాగులో వేసుకెళ్లి అడుగున పెట్టి చూడండి. అల్యూమినియానికి మాగ్నెట్ పట్టదు, కింద స్టీలు ప్లేటు అతికిస్తేనే ఇండక్షన్ మీద వేడెక్కుతుంది, కొన్నిటికి మధ్యలో చిన్న బిళ్ల మాత్రమే ఉంటుంది, వేడి అక్కడికే వస్తుంది. సేల్స్ అబ్బాయి "మేడమ్, ఇది ఫైవ్ లేయర్" అంటాడు, నవ్వి ఊరుకోండి, ఆ కోటింగు లేయర్లన్నీ కలిపినా వెంట్రుక మందం కూడా ఉండవు. 2024లో స్టీలు, అల్యూమినియం వంట సామాన్లకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఆర్డర్ ఇచ్చింది, ఆ మార్కు ఉందేమో చూసుకోండి. పిడి స్క్రూతో బిగించినదైతే అప్పుడప్పుడూ వదులవుతుంది, స్క్రూడ్రైవర్ ఉంటే ఒక నిమిషం పని.

"పీఎఫ్ఓఏ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. పీఎఫ్ఓఏ అనేది కోటింగు తయారీలో వాడే కెమికల్, అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 కల్లా మానేశాయి, ఇప్పుడు పేరున్న బ్రాండ్లన్నీ అదే మాట రాస్తున్నాయి. పెనం మీద ఉండే పొర పీటీఎఫ్ఈ, 1938లో అమెరికాలో డ్యూపాంట్ ల్యాబులో అనుకోకుండా దొరికిన పదార్థం, టెఫ్లాన్ అంటాం కదా అదే. దాని పొట్టు ముక్క పొరపాటున లోపలికి పోయినా అరక్కుండా బయటికి పోతుంది. అసలు భయపడాల్సింది వేడికి. 260 డిగ్రీలు దాటితే కోటింగు పాడవడం మొదలవుతుంది, ఇంకా పైకి వెళితే వచ్చే పొగ మనకి జ్వరం లాంటిది తెప్పిస్తుంది, ఇంట్లో లవ్ బర్డ్స్ ఉంటే వాటి ప్రాణమే తీస్తుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఉంటే కొద్ది నిమిషాల్లోనే ఆ వేడి దాటిపోతుంది.

ఇక్కడే మన వంటకీ నాన్‌స్టిక్‌కీ గొడవ. పోపు! చెంచాడు నూనె, పెద్ద మంట, ఆవాలు చిటపటలాడే దాకా ఎదురుచూపు, కోటింగుకి ఇంతకన్నా శత్రువు లేదు. రోజూ అందులోనే పోపు పెడితే మధ్యలో బ్రౌన్‌గా ఒక వలయం ఏర్పడుతుంది, ఎంత తోమినా పోదు, ఆ వలయం దగ్గరే గుడ్డు అంటుకోవడం మొదలవుతుంది. పోపు గరిటె వేరే పెట్టుకోండి, చిన్న ఇనపది వంద రెండొందలకి వస్తుంది, కడాయి ఆయుష్షు పెరగడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. వేపుడికి తప్పదనుకుంటే చల్లటి నూనెలోనే ఆవాలు వేసి మధ్యస్థం మంట మీద పెట్టండి, నెమ్మదిగా పేలతాయి. అప్పడాలు కాల్చడానికి, పల్లీలు వేయించడానికి ఈ పెనం వాడకండి, వాటికి పాత బాండీ ఉండనే ఉంది.

తోమడం గురించి ఒక్క మాట, మా ఇంట్లో పనిచేసే ఆవిడకి కోపంగా చెప్పలేదు, నాన్‌స్టిక్ సామాను సింకులోనే వేయడం మానేశాను, వేరే పక్కన పెట్టి స్పాంజితో నేనే కడిగేస్తా. సింకులో కుక్కర్ల మధ్య పడితే స్టీలు పీచు పడుతుంది, ఎవరు తోమినా అంతే.

తెల్లటి సిరామిక్ కోటింగువి ఆన్‌లైన్‌లో బాగా తిరుగుతున్నాయి, కొత్తలో నిజంగానే గుడ్డు జారిపోతుంది, ఎక్కువ వేడికి కూడా తట్టుకుంటాయి, కానీ ఆ జారుడు మామూలు నాన్‌స్టిక్ కన్నా ముందే పోతుంది. రోజూ దోసెలకి నేను సిఫారసు చెయ్యను.

కొనడానికి తొందర లేకపోతే ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ల కోసం ఆగండి, పండగల ముందు పాత పెనం ఏ కంపెనీదైనా తీసుకుని కొత్తదాని మీద తగ్గిస్తారు. కాకపోతే ఎంఆర్‌పీ మీద తగ్గిస్తున్నారా, మామూలుగా అమ్మే రేటు మీదా అని అడగండి, ఒక్కోసారి ఎక్స్‌ఛేంజ్ లేకుండా ఆన్‌లైన్‌లోనే అంతకన్నా తక్కువకి ఉంటుంది. బిల్లు దాచుకోండి, వారంటీ కార్డు మీద గీతలకి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది, పిడి ఊడినా అడుగు ఉబ్బినా అడగొచ్చు.