తీగను తడిమి పట్టుకునే వేళ్లు

ఆర్నెల్లుగా మా ల్యాబ్‌లో ఒక చిన్న కంపెనీ చేసిన టచ్ గ్రిప్పర్ వాడుతున్నాను, అంటే తాకిడిని పసిగట్టి వస్తువులు పట్టుకునే రోబో చెయ్యి. రెండు వేళ్ల కొసల్లోనూ మెత్తటి జెల్ దిండు, దాని వెనక బుల్లి కెమెరా, చుట్టూ ఎల్ఈడీలు. వస్తువు తగలగానే జెల్ మీద పడే ముద్రను కెమెరా చూస్తుంది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ అడెల్సన్ బృందం తెచ్చిన జెల్‌సైట్ తరహా పద్ధతే ఇది. 2020లో అక్కడివాళ్లు ఇలాంటి వేళ్లతోనే హెడ్‌ఫోన్ తీగను కొసదాకా జార్చుకుంటూ వెళ్లి, ప్లగ్‌ను జాక్‌లో పెట్టించారు.

నేనూ ముందు అదే ప్రయత్నించాను. తీగ పక్కకి జరుగుతుంటే స్క్రీన్ మీద దాని ముద్ర ఏటవాలుగా తిరుగుతుంది. రోబో మణికట్టు కాస్త తిప్పగానే మళ్లీ తిన్నగా వస్తుంది. పురికొస పట్టిస్తే దాని మెలికలు కూడా కనిపించాయి! మామూలు గ్రిప్పర్‌తో ఎప్పుడూ టెన్షనే: గట్టిగా పడితే తీగ కదలదు, వదులుగా పడితే జారిపోతుంది.

ఇబ్బందల్లా జెల్‌తోనే. రాపిడికి పైపూత గీరుకుపోయి బయటి వెలుతురు లోపలికి వస్తోంది. ఇప్పటికి మూడు దిండ్లు మార్చాను, మార్చిన ప్రతిసారీ కాలిబ్రేషన్ (కొలతలు సరిచూసి సెట్ చేయడం) మొదటినుంచి చేయాలి.

తీగలు, గుడ్డలతో పని ఉన్నవాళ్లు ధైర్యంగా తీసుకోండి. స్పేర్ దిండ్లు మాత్రం కలిపే ఆర్డర్ పెట్టండి.