గూగుల్‌లో వెతికితే వేరే పేజీ వస్తోందా? కంప్యూటర్‌ను షాపుకు ఇచ్చే ముందు ఇది చదవండి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఒక మాట. గూగుల్‌లో ఏదైనా కొడితే ఇంకేదో సెర్చ్ పేజీ తెరుచుకుంటుంటే, దానికోసం ఎవరికీ డబ్బు కట్టకండి, ఫార్మాట్ అసలే చేయనివ్వకండి. నేను రెండూ చేశాను. 5,499 రూపాయలు పోయాయి. అంతకన్నా ఎక్కువే పోయింది, అది కింద చెప్తాను.

మా బిడ్డ కౌన్సెలింగ్ కోసం సర్టిఫికెట్లన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయాల్సి వచ్చింది. గూగుల్‌లో పీడీఎఫ్ కన్వర్టర్ అని కొట్టాం. అన్నిటికన్నా పైన వచ్చింది ప్రకటన. చిన్న అక్షరాల్లో 'స్పాన్సర్డ్' అని ఉంటుంది, తొందరలో ఎవరు చూస్తారు? డౌన్‌లోడ్ చేసి నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాం. చివర్లో క్రోమ్ ఒక ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం, కలపాలా అని అడిగింది. మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని డేటాను ఇది చదవగలదు, మార్చగలదు అని అందులోనే రాసి ఉంది. అదీ చదవకుండా ఓకే చేశాం. పీడీఎఫ్ వచ్చింది, పని అయిపోయింది అనుకున్నాం.

మర్నాడు ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధర చూద్దామని కూర్చున్నాను. ఎంటర్ కొట్టగానే పైన అడ్రస్ బార్‌లో ఎప్పుడూ చూడని పేరు ఒకటి రెప్పపాటులో కనిపించి మాయమైంది. ఆ వెంటనే గూగుల్ కాని పేజీ ఒకటి వచ్చింది. మొదటి లింకులన్నీ ప్రకటనలే, పత్తి ధర ఎక్కడో అడుగున ఉంది. సెట్టింగ్స్‌లో గూగుల్‌ను మళ్లీ పెట్టాను. క్రోమ్ మూసి తెరిస్తే మళ్లీ అదే పేజీ. మనం నొక్కే ప్రకటనల మీద వాళ్లకు డబ్బు వస్తుంది కాబట్టే ఈ దారి మళ్లించడమంతా.

దీనికి తోడు కుడివైపు కింది మూలలో గంటకు నాలుగుసార్లు ఎర్ర గుర్తుతో హెచ్చరిక వచ్చేది, మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయని. బిడ్డ అడ్మిషన్ టైమ్, టెన్షన్‌లో దాని మీద నొక్కాను. క్లీనర్ అని ఒకటి స్కాన్ చేసి వందల తప్పులు చూపించి 1,999 అడిగింది. కార్డుతో కట్టాను. ఎర్ర గుర్తులు పోయాయి, దారి మళ్లడం మాత్రం పోలేదు. అసలు ఆ హెచ్చరిక స్కాన్ చేసి చెప్పింది కానే కాదు. ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపాలా అంటే మనం 'అలౌ' నొక్కి ఉంటాం, ఆ సైట్ పంపే ప్రకటన అది. కంప్యూటర్ లోపల ఏముందో దానికి తెలియదు.

తర్వాత హన్మకొండలో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. అతను తెర వైపు ఒక్క నిమిషం చూసి, "వైరస్ బాగా పాకింది సార్, ఫార్మాట్ తప్ప దారి లేదు" అన్నాడు. ఫొటోలు ఉన్నాయి అన్నాను. "డి డ్రైవ్ ముట్టుకోం సార్, ఏం కాదు" అన్నాడు. ఫార్మాట్‌కు, ఏడాది యాంటీవైరస్‌కు కలిపి 3,500 తీసుకున్నాడు. బిల్లు అడిగితే మిషన్ పనిచేయడం లేదన్నాడు.

మా ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌లో ఉన్నాయి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మామూలుగా సి డ్రైవ్‌లోనే, అంటే ఫార్మాట్‌లో చెరిగిపోయే భాగంలోనే, ఉంటాయని నాకు తెలియదు. అతనికి తెలుసు, అయినా అడగలేదు. 2024 మేడారం జాతరలో బాపుకు ఎత్తు బంగారం, అంటే ఆయన బరువుకు సరిపడా బెల్లం, ఇచ్చాం. తక్కెడలో ఒక పక్క బెల్లం ముద్దలు, ఇంకో పక్క బాపు కాళ్లు ముడుచుకొని తాడు పట్టుకొని నవ్వుతున్న ఫొటోలు అవి. ఆ తర్వాతి ఏడాదే బాపు పోయాడు. తిరిగి తెప్పించగలరా అని ఇద్దరిని అడిగాను. డిస్క్ ఎస్‌ఎస్‌డీ, అందులో చెరిగినవి తిరిగి రావడం కష్టం, పైగా దాని మీద కొత్తగా విండోస్ వేశారు, ఆశ పెట్టుకోవద్దన్నారు.

ఇంత అయ్యాక ఇంటికి తెచ్చి క్రోమ్‌లో జీమెయిల్‌తో లాగిన్ అయ్యాను. పది నిమిషాల్లో మళ్లీ అదే పేజీ!

ఆ రాత్రి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు వీడియో కాల్‌లో చూసి చెప్పాడు: "మామా, అది కంప్యూటర్‌లో లేదు, నీ అకౌంట్‌లో ఉంది." క్రోమ్‌లో సింక్ ఉంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లతో పాటు ఎక్స్‌టెన్షన్లు కూడా అకౌంట్‌తో వస్తాయి. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా లాగిన్ కాగానే మళ్లీ దిగుతుంది. ఫోన్‌లో క్రోమ్ బాగానే పనిచేస్తోంది కదా అనుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు తీసుకోదు, అందుకే అక్కడ కనిపించలేదు.

తీయడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. అడ్రస్ బార్ పక్కన పజిల్ ముక్కలాంటి గుర్తు ఉంటుంది, దాని మీద నొక్కి 'మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్'కు వెళ్లాలి. మనం పెట్టుకోనిది, గుర్తులేనిది ఏదైనా సరే 'రిమూవ్' చేయాలి. సింక్ ఆన్‌లో ఉండగానే తీస్తే అకౌంట్ నుంచి కూడా పోతుంది. తర్వాత సెట్టింగ్స్‌లో 'రీసెట్ సెట్టింగ్స్' నొక్కితే సెర్చ్ ఇంజిన్, మొదటి పేజీ మామూలుకు వస్తాయి, బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పోవు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకు అనుమతి ఉన్న తెలియని సైట్లను కూడా తీసేయాలి. ఫార్మాట్ చేయించని వాళ్లు కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితాను తేదీ వరుసలో పెట్టి, గొడవ మొదలైన రోజు ఎక్కినవి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. చివరగా విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేయండి. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ కూడా ఉచితమే. దాన్ని వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి, ప్రకటన లింకు నుంచి వద్దు.

కొన్నిసార్లు 'రిమూవ్' బటనే ఉండదు. క్రోమ్ మెనూ అడుగున మీ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది అన్న అర్థం వచ్చే లైను కనిపిస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో అది మామూలే. ఇంటి కంప్యూటర్‌లో ఉంటే మాత్రం ఏదో ప్రోగ్రాం విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో, ఆ ఎక్స్‌టెన్షన్‌ను తీయనివ్వని పాలసీ రాసి ఉండవచ్చు. అప్పుడు తెలిసినవాళ్ల సాయం తీసుకోండి, దానికి కూడా ఫార్మాట్ అక్కర్లేదు.

విండోస్ సెక్యూరిటీలో 'యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్'లోకి వెళ్లి 'రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్' ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి. ఇలాంటి అక్కర్లేని యాప్‌లను ఆపే సెట్టింగ్ అందులోనే ఉంది. ఆ ఎక్స్‌టెన్షన్ ఉన్న రోజుల్లో బ్యాంకు సైట్ తెరిచి ఉంటే, పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చుకోండి. క్లీనర్‌కు ఇచ్చిన కార్డు మీద ఏటా డబ్బు కోసుకునే అనుమతి కూడా ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. బ్యాంకు యాప్‌లో ఈ-మాండేట్ వెతికి రద్దు చేశాను.

తెర నిండా హెచ్చరిక వచ్చి ఫోన్ నంబర్ చూపిస్తే ఆ నంబర్‌కు చేయకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు, ఆ కంపెనీయే ఈ మాట చెప్పింది. ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటిది ఎక్కించమంటారు, ఇక కంప్యూటర్ వాళ్ల చేతిలోకి పోతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. షాపుతో గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నేను చేశాను కానీ బిల్లు లేకపోవడంతో నా మాట తప్ప చూపించడానికి ఏమీ లేకపోయింది. షాపుకు ఇచ్చేటప్పుడు ఏ డ్రైవ్ ముట్టుకుంటారో, ఏ ఫోల్డర్లు కాపీ తీసి ఉంచుతారో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే కంప్యూటర్ వెనక్కి తెచ్చుకోండి.

మా చిన్నమ్మ ఫోన్‌లో బాపువి పదకొండు ఫొటోలు దొరికాయి, వాట్సాప్‌లో ఎప్పుడో పంపినవి. కొంచెం మసకగా ఉన్నా తక్కెడలో కూర్చున్నది వాటిలో ఉంది. ఇప్పుడు వాటికి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మా చెల్లె ఇంట్లో ఒక కాపీ ఉన్నాయి.