ఆర్వీ ఎక్కడ నిలపాలి: జయానా, మోయాబా, బ్రైసా?

మే నెల వస్తే చాలు, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు, పిల్లలకు సెలవులు, లాస్ వేగస్‌లో ఆర్వీ (పడకలూ వంటగదీ ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని యూటా రాష్ట్రపు ఎర్రకొండల్లో మూడు నాలుగు రాత్రులు ఉండాలని ఉంది, మరి జయాన్ పార్కు మేలా, మోయాబ్ ఊరు మేలా, బ్రైస్ పార్కు మేలా? మూడుచోట్లా ఆర్వీ నిలిపి చూసినవాణ్ణి కాబట్టి నన్ను అడుగుతారు. నిరుడు జూన్‌లో మా అమ్మానాన్నలను తీసుకెళ్లినప్పుడు నేను జయాన్ ఎంచుకున్నాను. మా ఆవిడ ఓటు మాత్రం ఇప్పటికీ బ్రైస్‌కే.

అందం మాట పక్కన పెట్టండి. ఈ మూడింటిలో ఎక్కడికి వెళ్లినా కళ్లు తిప్పుకోలేరు. నా లెక్కలో తేల్చుకోవలసింది ఒకటే: ఒకసారి బండి నిలిపాక, దాన్ని మళ్లీ కదపకుండా కొండలూ లోయలూ చూడగలమా?

ఈ లెక్క మోయాబ్ నేర్పింది. మొదటిసారి 30 అడుగుల బండి తీసుకుని అక్కడికే వెళ్లాం. ఊళ్లో కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ ఇచ్చే ప్రైవేటు పార్కులు బోలెడు. ఒకదాంట్లో దిగి, అన్నీ తగిలించుకుని, ఇంట్లో ఉన్నట్టే ఉందని సంబరపడ్డాం. తెల్లవారి ఆ పక్కనే రాతి తోరణాలు (ఆర్చ్‌లు) ఉండే ఆర్చెస్ పార్కుకు బయలుదేరేసరికి సంగతి అర్థమైంది. కరెంటు తీగ తీసి చుట్టాలి. నీళ్ల గొట్టం విప్పాలి. చేతికి తొడుగులు వేసుకుని మురుగు గొట్టం విప్పి కడగాలి. బండి పక్క నుంచి బయటికి జరిపిన గదిని లోపలికి లాగాలి, గిన్నెలు సర్దాలి, అల్మరా తలుపులన్నీ బిగించాలి. నలభై నిమిషాల పని, సాయంత్రం వచ్చాక మళ్లీ అదంతా తలకిందులుగా. రెండో రోజు ఆవకాయ సీసాను గట్టు మీదే మరిచిపోయాం. మొదటి మలుపులోనే అది నేల మీదికి వచ్చింది. బండి తిరిగి అప్పగించేదాకా ఆవనూనె వాసన మాతోనే ప్రయాణం చేసింది.

ఇంత చేసి పార్కుకు వెళితే, డెలికేట్ ఆర్చ్‌కు నడక మొదలయ్యే వుల్ఫ్ రాంచ్ దగ్గర పెద్ద బండ్లకు ఉన్న కాసిని చోట్లూ నిండిపోయాయి. గంటసేపు తిరిగి వెనక్కి వచ్చాం. ఆర్చెస్‌లో షటిల్ బస్సు లేదు. పార్కు లోపలే డెవిల్స్ గార్డెన్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, కొన్ని ఆర్చ్‌లకు అక్కడి నుంచి నడిచే వెళ్లవచ్చు. కానీ 51 చోట్లే, కరెంటు లేదు, వేసవిలో అది పెనం. మోయాబ్ వెళ్లాలంటే ఆర్వీతోపాటు చిన్న కారు కూడా ఉండాలని నా అభిప్రాయం. పైగా వేగస్ నుంచి 460 మైళ్లు. గ్యాలన్‌కు ఎనిమిదో పదో మైళ్లు ఇచ్చే బండితో రానూపోనూ వంద గ్యాలన్లు వేసుకోండి. మైలుకు ఇంత అని వసూలు చేసే అద్దె ఒప్పందమైతే అదీ కలుస్తుంది.

జయాన్ వేగస్‌కు 160 మైళ్లే. పార్కు ముఖద్వారం పక్కనే వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్. వాచ్‌మన్ అన్నది దాని నెత్తిన నిలబడ్డ కొండ పేరు. అది విన్న దగ్గర్నుంచి నాన్న ప్రతి పొద్దున్నా తలుపు తీసి, "వాచ్‌మన్ డ్యూటీలోనే ఉన్నాడురా" అని చెప్పడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి నడుచుకుంటూ వెళితే సందర్శకుల కేంద్రం, దాని ముందే ఉచిత షటిల్ బస్సు. సుమారు మార్చి నుంచి నవంబరు దాకా లోయలోకి సొంత బండ్లను ఎలాగూ రానివ్వరు. కార్లో వచ్చినవాడూ మనమూ ఒకే వరుసలో నిలబడి ఆ బస్సే ఎక్కాలి. అంటే పెద్ద బండి వల్ల మనం పోగొట్టుకునేది ఏమీ లేదు. మూడు రోజులపాటు మేము తాళంచెవి తిప్పలేదు.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇంతకంటే సుఖం లేదు. బస్సులో ముప్పావు గంట కూర్చుంటే చివరి స్టాపు. అక్కడి నుంచి వర్జిన్ నది ఒడ్డునే చదును చేసిన బాట, మైలు దూరం. అది అయిపోయిన చోట నది బాట అవుతుంది, అదే నేరోస్. పిల్లలతో నేను నీళ్లలోకి దిగి వెళ్లాను, అమ్మానాన్నలు రాతి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం సందర్శకుల కేంద్రంలో మెరుపు వరదల హెచ్చరిక చూడకుండా ఎవరూ దిగవద్దు. నెత్తిన నీలాకాశం ఉన్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన లోయలో గోడలా వస్తుంది.

ఇక ఎండ. జూన్‌లో జయాన్ మధ్యాహ్నాలు 100 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటడం మామూలే. "కొత్తగూడెం ఎండలు చూసినవాణ్ణి, ఇదొక ఎండా" అన్న నాన్నే రెండో రోజు తలనొప్పితో పడుకున్నారు. ఇక్కడి ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, ఆరిపోతుంది, నీళ్లు తాగాలన్న ధ్యాసే ఉండదు. అందుకే వాచ్‌మన్‌లో కరెంటు ఉన్న చోటే తీసుకోవాలి. అవి ఏ, బీ వరసల్లో ఉంటాయి. కరెంటు లేని చోటు దొరికింది, జనరేటర్ వేసుకుంటాం అనుకుంటే కుదరదు, అక్కడ జనరేటర్లు నిషేధం. బండి కప్పు మీది ఏసీ కూడా బయటి వేడి కంటే ఓ ఇరవై డిగ్రీలు తగ్గిస్తుంది, అంతే. ఆ ఏసీ నడుస్తుండగా కరెంటు కుక్కరూ మైక్రోవేవూ ఒకేసారి పెడితే 30 ఆంప్‌ల బ్రేకరు టక్కున పడిపోతుంది. అన్నం పొద్దున్నే వండి పులిహోర కలుపుకోవడం తెలివైన పని. పోపు పెట్టే ముందు కిటికీలన్నీ తెరవండి, ఆర్వీలో పొగ అలారంకు ఎండుమిర్చి అంటే అసలు పడదు.

వాచ్‌మన్‌లో కరెంటు ఒక్కటే తగిలిస్తారు. నీళ్లు నింపుకోవడం, మురుగు వదలడం క్యాంప్‌గ్రౌండ్‌లో ఒకచోట. ఆరుగురు మూడు రోజులు వాడితే గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకే ముందు నిండుతుంది. కాగితం పళ్లేలు వాడండి, ఈ ఒక్కసారికి.

బ్రైస్‌కు అన్యాయం చేయను. నా కొలబద్ద ప్రకారమే చూసినా అది జయాన్‌కు సరిజోడు. నార్త్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి నడిచి వెళ్లి అంచున నిలబడవచ్చు, వేసవిలో అక్కడా ఉచిత షటిల్ ఉంది. నిజానికి బ్రైస్ నది కోసిన లోయే కాదు. రాత్రి రాతి పగుళ్లలో గడ్డకట్టి పగలు కరిగే నీళ్లు చెక్కిన స్తంభాల గుంపు. సూర్యోదయానికి ఆ స్తంభాలు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి, అందుకే మా ఆవిడ ఓటు. హుకప్‌లు, అంటే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు, ఏవీ లేవు, కానీ 8 వేల అడుగుల ఎత్తులో ఏసీ ఎవరికి కావాలి? ఆ ఎత్తే నాకు అడ్డం వచ్చింది. అంచు నుంచి కిందికి దిగిన ప్రతి అడుగూ మళ్లీ ఎక్కాలి, అమ్మకు పది మెట్లకే ఆయాసం. జూన్‌లో కూడా రాత్రి చలి 40 ఫారెన్‌హీట్ డిగ్రీలకు దిగుతుంది. హీటరు ఫ్యాను బ్యాటరీని తాగేసి తెల్లవారుజామున ఆగిపోతే దుప్పట్లు వెతుక్కున్నాం. పెద్దవాళ్లు లేకుండా, జూలై ఆగస్టుల్లో వెళ్లేవారైతే నేనూ బ్రైస్ అనే అంటాను.

మిగతావి చెప్పమంటారు కాబట్టి: క్యాపిటల్ రీఫ్ పార్కులో ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్ పండ్ల తోటల నడుమ ఉంటుంది. కాపు సమయంలో తోటలో కోసుకుని తిన్న పండుకు డబ్బు లేదు, ఇంటికి తీసుకెళితేనే తూకం. కరెంటు లేదు, జనరేటరు మిట్టమధ్యాహ్నం వేయనివ్వరు, కనుక అక్టోబరు మాట అది. పేజ్ ఊరి దగ్గర వావీప్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లన్నీ ఉన్నాయి, ఎదురుగా లేక్ పావెల్ జలాశయం, కానీ అక్కడి యాంటిలోప్ కెన్యన్ అనే ఇరుకు లోయను నవాహో తెగ గైడ్ వెంట తప్ప చూడలేరు. ఒక రాత్రికి చాలు.

జయాన్, బ్రైస్ రెండూ కలిపి వెళ్తామనేవారు సొరంగం సంగతి చూసుకోండి. జయాన్ నుంచి బ్రైస్ వైపు దగ్గరి దారిలో, 1930లో తెరిచిన జయాన్-మౌంట్ కార్మెల్ సొరంగం గుండా పెద్ద బండ్లను ఏళ్ల తరబడి రుసుము తీసుకుని ఎదురు వాహనాలు ఆపి పంపేవారు. 2026 జూన్ 7 నుంచి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిన బండ్లకు ఆ రోడ్డే నిషేధం. వెడల్పు అంటే పక్క అద్దాలతో కలిపి, కాబట్టి అద్దె మోటార్‌హోమ్‌లు దాదాపు అన్నీ దొరికిపోతాయి. జయాన్ నుంచి వెనక్కి హరికేన్ ఊరికి వచ్చి, 59వ నంబరు రోడ్డు మీద ఫ్రెడోనియా, కనాబ్ మీదుగా 89వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. ఫోనులోని మ్యాపు మాత్రం సొరంగం దారే దగ్గరని చూపిస్తూ ఉంటుంది, దాని మాట వినకండి. వాచ్‌మన్‌లో చోట్లు సరిగ్గా ఆరు నెలల ముందు పొద్దున తెరుచుకుంటాయి. జూన్ మధ్యలో వెళ్లాలంటే డిసెంబరు మధ్యలో, కాఫీ కప్పుతో కంప్యూటర్ ముందు.