నెల సరుకులు: డిస్కౌంట్ స్టోరా, పచారీ కొట్టా, ఏది మేలు?

ఒకటో తారీఖు దగ్గర పడితే చాలు, తెలిసినవాళ్లు ఇదే అడుగుతుంటారు. "సరుకులు ఆ పెద్ద స్టోర్లో తెచ్చుకుంటే కలిసొస్తుందా, గంటస్తంభం దగ్గర కొట్లోనే తెచ్చుకోమంటారా?" విజయనగరంలో డిస్కౌంట్ స్టోర్లకి ఇప్పుడు కరువు లేదు. వెళ్లొచ్చినవాళ్ల మాటలకి మాత్రం ఒకదానితో ఒకటి పొంతన కుదరదు. ఒకావిడ ప్రతి నెలా బాగా మిగులుతోందంటుంది. ఇంకొకాయన ఇక ఆ గడప తొక్కనంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇద్దరూ కొన్నవి ఒకే రకం సరుకులు కావు, అంతే.

తక్కువకి ఇస్తున్నారంటే అందులో ఏదో మతలబు ఉంటుందని కొందరి భయం. ఉండక్కర్లేదు. ఈ పద్ధతిలో దేశంలో బాగా నిలదొక్కుకున్న డీమార్ట్ సంగతే చూడండి. మొదటి స్టోరు 2002లో ముంబయిలోని పొవాయ్‌లో పెట్టారు. చాలాచోట్ల అద్దె భవనాలు కావు, సొంతవే. సరుకు పంపిన కంపెనీలకి డబ్బు త్వరగా కట్టేస్తారు కాబట్టి వాళ్లు ధర తగ్గించి ఇస్తారు. ప్రతి వస్తువులోనూ పది రకాలు పెట్టకుండా, బాగా అమ్ముడుపోయేవే పెడతారు. సరుకు అరల్లో నిలవుండదు. అద్దె బాధ లేనప్పుడు, సరుకు వెంటవెంటనే కదులుతున్నప్పుడు, సబ్బు మీద రెండు రూపాయలు తగ్గించినా గిట్టుబాటవుతుంది. మన వీధి కొట్టాయన అదే సబ్బుని డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొంటాడు. ఆయనకి మిగిలేదే కొంచెం. ఎమ్మార్పీలో తగ్గించడంలేదని ఆయన్ని తప్పుపట్టలేం.

నా లెక్కలో అసలు తేల్చాల్సింది ఒక్కటే. తగ్గింపు దేని మీద? ఒంటిసబ్బు, బట్టల సబ్బు, పేస్టు, షాంపూ, బిస్కెట్లు, పేరున్న కంపెనీ టీపొడి, వీటి మీద ఎమ్మార్పీ వేసేది ఆ కంపెనీ. గజపతినగరం కొట్లో ఉన్నదీ విజయనగరం స్టోర్లో ఉన్నదీ ఒకటే సబ్బు, ఒకటే ఎమ్మార్పీ. పది శాతం తగ్గించారంటే నిజంగానే పది శాతం తగ్గినట్టు. ఇలాంటి వాటికి డిస్కౌంట్ స్టోరుని మించింది లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

పప్పుల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క పనిచెయ్యదు. స్టోరు తన పేరుతో కట్టించుకున్న కందిపప్పు ప్యాకెట్ మీద ఎమ్మార్పీ కూడా తన ఇష్టమే. ఉదాహరణకి 220 అని అచ్చేసి 150కి ఇచ్చారనుకోండి. 70 రూపాయలు మిగిలాయని బిల్లు చెబుతుంది. కానీ ఆ పప్పుని 220కి ఊళ్లో ఎవరూ కొనడం లేదు కదా. పోల్చాల్సింది ఆ రోజు బజార్లో అదే రకం పప్పు కిలో ఎంతుందో దాంతో. అక్కడ 145 ఉంటే మీకు మిగిలిందేమీ లేదు, పైగా ఐదు రూపాయలు ఎక్కువ పెట్టారు. బిల్లు అడుగున "మీరు ఆదా చేసింది" అని వచ్చే మొత్తం చూసి సంతోషపడేవాళ్లు, అందులోంచి పప్పులు, పిండ్లు, బియ్యం తీసేసి ఒకసారి లెక్క వేసుకోండి. ఆ మిగిలిందే అసలు ఆదా.

దీనికి తోడు పన్ను. 2022 జూలై 18 నుంచి, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండ్ల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. బస్తాలోంచి తూచి కవర్లో పోసిచ్చే విడి సరుకు మీద లేదు. బియ్యం 26 కిలోల బస్తాల్లో రావడం మొదలైంది ఇందుకే.

నూనె దగ్గర కూడా కళ్లు తెరిచి చూడాలి. పక్కపక్కన పెట్టిన రెండు ప్యాకెట్లు చూడ్డానికి ఒకే సైజులో ఉంటాయి. ఒకదాని మీద 910 గ్రాములు, అంటే దాదాపు లీటరు. రెండోదాని మీద 850 గ్రాములే ఉండొచ్చు. ఈ మధ్య ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఎంత పడుతుందో కూడా చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. రెండింటినీ పోల్చుకోవడానికి పనికొచ్చేది ఆ అంకె.

పోనీ, పప్పు ధర రెండుచోట్లా సమానమే అనుకుందాం. అప్పుడు కూడా నేను కొట్టు వైపే మొగ్గుతాను. మినపప్పు తీసుకోండి. ఇడ్లీ, దోసె, గారె లేకుండా మన ఇళ్లల్లో వారం గడవదు. మంచి మినపగుళ్లు ఒక గ్లాసు నానబోస్తే గ్రైండర్లో నీళ్లు పీల్చుకుంటూ పొంగుతాయి, పిండి చేతికి వెన్నలా తగులుతుంది. గ్లాసుకి రెండున్నర గ్లాసుల రవ్వ కలిపినా ఇడ్లీ మెత్తగా వస్తుంది. పప్పు పాతదైతే, ముక్కలు ఎక్కువుంటే ఒదుగు రాదు. రెండు గ్లాసుల రవ్వకే ఇడ్లీ గట్టిపడుతుంది. దాంతో పప్పు ఇంకాస్త ఎక్కువ పోయడం మొదలుపెడతాం. కిలోకి పది రూపాయలు తక్కువకి వచ్చిందనుకున్న పప్పు, నెల తిరిగేసరికి అరకిలో ఎక్కువ ఖర్చవుతుంది. ఈ నష్టం ఏ బిల్లులోనూ కనపడదు, అందుకే ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మన జిల్లాలోనూ శ్రీకాకుళంలోనూ వరి తర్వాత అదే పొలంలో, ఆ తేమ మీదే మినుము, పెసర పండిస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పంట చేతికొస్తుంది. ఏ బస్తా ఎప్పుడు దిగిందో, ఎక్కడి నుంచి వచ్చిందో కొట్టాయనకి తెలుసు. నేను వెళ్లే కొట్లో బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూసుకోనిస్తారు. గింజ ఒక్క సైజులో ఉందా, అరచేతికి పిండి అంటుతోందా, ముక్కిన వాసన ఏమైనా వస్తోందా, పంటి కింద వేస్తే కటుక్కున విరుగుతోందా అన్నీ అక్కడే తేలిపోతాయి. "ఇది పాతదమ్మా, ఒదుగు రాదు. అరకిలో పట్టుకెళ్లండి చాలు, వచ్చేవారం కొత్తది దిగుతాది" అని ఆయనే చెప్తాడు. బేరం తగ్గుతుందని తెలిసే చెప్తాడు. ఇడ్లీ పాడైతే మర్నాడు మేం ఆయన కొట్టు ముందు నుంచే వెళ్లాలి, ఆయనకి ఆ పట్టింపు ఉంది.

కందిపప్పుకీ అంతే. కుక్కర్లో ఎన్ని విజిల్స్ వేయించినా ఉడకని పప్పు తగిలితే, మిగిలినది పట్టుకెళ్తే మారుస్తాడు. కత్తిరించిన ప్యాకెట్ తీసుకుని స్టోరు కౌంటర్ దగ్గరికి వెళ్తే అంత సులువుగా పని అవుతుందని నేను అనుకోను. తేదీ దాటలేదు, బిల్లు ఉంది, ప్యాకెట్‌లో పురుగు లేదు. ఉడకడం లేదన్న మాట ఎవరి దగ్గర, ఎలా రుజువు చేస్తాం?

అన్ని కొట్లూ ఇలాగే ఉంటాయని చెప్పను. పుచ్చిన సరుకు తెలిసీ అంటగట్టేవాళ్లున్నారు, తూకంలో తేడా చేసేవాళ్లున్నారు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడటం మన హక్కు, అడిగితే తప్పేం లేదు.

స్టోర్ల గురించి ఒక మంచి మాట గట్టిగా చెప్పాలి. అక్కడ ఎవరూ తొందరపెట్టరు. ప్యాకెట్ తీసి, తేదీ చదివి, ధర చూసుకుని, వద్దనుకుంటే తిరిగి అక్కడే పెట్టెయ్యొచ్చు. కొట్లో నలుగురి ముందు "ఇంకా తక్కువదేదైనా ఉందా" అని అడగలేక, వేసినదే పట్టుకొచ్చేసే ఆడవాళ్లు చాలామంది నాకు తెలుసు. వాళ్లకి స్టోరు పెద్ద ఊరట. తమ డబ్బుతో తమకి నచ్చింది ఎంచుకునే వీలు ధర కంటే ముఖ్యమనేవాళ్లని నేను కాదనలేను.

ఇక ఫిర్యాదులు. మొదటి వారంలోనూ ఆదివారాల్లోనూ బిల్లింగ్ దగ్గర లైను కదలదు. పైడితల్లమ్మ సిరిమాను ముందో, సంక్రాంతి ముందో వెళ్తే ట్రాలీ తిప్పడానికే చోటుండదు. నెల మధ్యలో వెళ్తే మనకి కావాల్సిన అర ఖాళీగా ఉంటుంది. అరకి తగిలించిన కార్డు మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర పడటం చాలామందికి అనుభవమే. ఊళ్లోని ఒక స్టోర్లో నాకూ ఎదురైంది. నూనె డబ్బా దగ్గర ఆఫర్ కార్డు ఉంది, బిల్లులో మాత్రం మామూలు ధర పడింది. ఆఫర్ ముందురోజుతో అయిపోయిందట, కార్డు తియ్యలేదట. గట్టిగా అడిగితే తేడా ఇచ్చారు, దానికి వేరే కౌంటర్లో మళ్లీ లైను. అడగనివాళ్ల డబ్బు పోయినట్టే కదా అన్నదే నా బాధ. ఆఫర్ చూసి కొనే వస్తువు కార్డుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బిల్లు అక్కడే నిలబడి సరిచూసుకోండి. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బిల్లు మాత్రం పారెయ్యకండి. కొట్లో కూడా అడిగి బిల్లు తీసుకునే అలవాటు చేసుకుంటే మంచిది.

గంట్యాడ, గుర్ల, డెంకాడ వైపు నుంచి వచ్చేవాళ్లు ఆటో ఖర్చు కలుపుకుని చూడాలి. సబ్బులు, సర్ఫుల మీద మిగిలేది రానూపోనూ చార్జీలకే సరిపోతే ప్రయాణం దండగ. రెండు మూడు కుటుంబాలు కలిసి, రెండు నెలలకి సరిపడా ఒకేసారి తెచ్చుకుంటే గిడుతుంది. సబ్బులు, సర్ఫులు పాడయ్యేవి కావు.

అన్నిటికంటే పెద్ద తేడా డబ్బు చేతికొచ్చే తీరులో ఉంది. ఒకటో తారీఖున జీతం పడేవాళ్లకి స్టోరు సుఖం. రోజు కూలీకి వెళ్లేవాళ్లకి, మిల్లు మూతపడ్డ కార్మికుడికి, పంట డబ్బు కోసం చూసే రైతుకి ఖాతా పుస్తకమే దిక్కు. పావుకిలో పప్పు, వంద గ్రాముల నూనె ఇచ్చి రాసుకునే స్టోరు లేదు. అయితే ఖాతాలో ఒక ఇబ్బంది ఉంది. అప్పు ఉన్నచోట ధర అడగలేం, సరుకు బాగాలేదనలేం. అందుకే వీలైనవాళ్లు బియ్యం, పప్పు, నూనె వరకే ఖాతా పెట్టుకుని, మిగతావి చేతిలో డబ్బున్నప్పుడు స్టోర్లో కొనుక్కుంటే పద్దు కొండలా పెరగదు.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కూరగాయలకి 1999లో మొదలైన రైతు బజార్లని మించినవి లేవు, స్టోర్లో చల్లని అరల్లో పెట్టిన బెండకాయల కోసం వెళ్లక్కర్లేదు. ధరలు మండినప్పుడు ప్రభుత్వం పప్పులు కూడా అక్కడ అమ్మిస్తుంది. 2024 జూలైలో కందిపప్పు కిలో 160కి ఇచ్చారు. ఇలాంటి కౌంటర్ పెట్టారని తెలిస్తే ఆ నెల పప్పు అక్కడే తెచ్చుకోండి. చింతపండు, తేనె గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలో దొరికితే ఇంకేమీ ఆలోచించకండి. ఆన్‌లైన్ అంటారా, బయటికి కదల్లేని పెద్దవాళ్లున్న ఇళ్లకి బాగానే ఉంటుంది. పప్పు చూసుకుని తీసుకునే వీలు అక్కడా లేదు.

మా ఇంట్లో ఇప్పుడు సబ్బులు, పేస్టు, సర్ఫు, బిస్కెట్లు, టీపొడి, నూనె స్టోర్లోనే. పదో తారీఖు దాటాక, పని రోజున మధ్యాహ్నం పూట వెళ్తే నింపాదిగా చూసుకోవచ్చు. బియ్యం, పప్పులు, చోళ్లు (రాగులు), ఎండుమిర్చి కొట్లో. చింతపండు మాత్రం వేసవిలో కొత్తది రాగానే ఏడాదికి సరిపడా తీసుకుని గింజ తీసి ఎండబెట్టి పెడతాం. మినపప్పుకి మార్చి దాకా ఆగుతాం. కొత్తది వచ్చాక ముందు అరకిలో తెచ్చి నానబోస్తాం, ఇడ్లీ వేసి చూస్తాం. ఒదుగు బాగుంటే అదే బస్తాలోంచి ఐదారు కిలోలు తెచ్చి, ఎండలో వేసి, డబ్బాలో పోసి రెండు ఎండుమిరపకాయలు వేస్తాం.