ఒకే ఛార్జ్, రెండు లక్ష్యాలు: వార్‌హామర్ 40,000 పదవ ఎడిషన్ నియమంపై సమీక్ష

చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధ ఆట వార్‌హామర్ 40,000ను ఎనిమిదవ ఎడిషన్ (నియమాల కూర్పు) కాలం నుంచి ఆడుతున్నాను. 2023లో వచ్చిన పదవ ఎడిషన్‌ను కూడా చాలాకాలం ఆడిన తర్వాత, అందులోని ఒక నియమం గురించి విడిగా రాయాలనిపించింది. ఒకే యూనిట్ (కలిసి కదిలే బొమ్మల దళం) ఒకే ఛార్జ్‌లో, అంటే దగ్గరి పోరు కోసం శత్రువు మీదికి దూసుకెళ్లే కదలికలో, రెండు మూడు శత్రు యూనిట్ల మీదికి వెళ్లే నియమం అది. దగ్గరి పోరుకు ప్రాణం పోసింది ఈ నియమమేనని నా దృఢమైన అభిప్రాయం. అయితే దాని పక్కనే ఉన్న మరో నియమం దాని బలాన్ని కొంత తగ్గిస్తోంది.

పన్నెండు అంగుళాల లోపు ఉన్న శత్రు యూనిట్లలో వేటి మీదికి వెళ్తున్నామో ముందే ప్రకటించి, ఆ తర్వాతే రెండు పాచికలు వేయాలి. పడిన మొత్తం ఎంతో అన్ని అంగుళాలలోపు కదిలి, ప్రకటించిన ప్రతి యూనిట్‌కూ అంగుళం దగ్గరికి మన మోడళ్లలో (యూనిట్‌లోని బొమ్మల్లో) కనీసం ఒకటి చేరాలి. ప్రకటించని యూనిట్‌కు మాత్రం అంత దగ్గరగా వెళ్లకూడదు. ప్రకటించిన వాటిలో ఏ ఒక్కటి అందకపోయినా ఛార్జ్ మొత్తం విఫలమవుతుంది, ఒక్క మోడల్ కూడా కదలదు.

2017 నాటి ఎనిమిదవ ఎడిషన్‌లో ఈ బిగింపు లేదు. ఎన్ని యూనిట్లను ప్రకటించినా ఏదో ఒకదాన్ని అందుకుంటే చాలు. బదులుగా ప్రకటించిన ప్రతి యూనిట్‌కూ ఓవర్‌వాచ్ కాల్పుల (మీదికి వస్తున్నవారిపై ఎదురు కాల్పుల) అవకాశం ఉండేది కానీ, ఆ గుళ్లు 6 పడితేనే తగిలేవి కాబట్టి, ఎదుట పెద్ద తుపాకులు లేనప్పుడు కనిపించినవన్నీ ప్రకటించేయడమే అలవాటుగా మారింది. అంతకుముందు 2012 నాటి ఆరవ ఎడిషన్, ఇలా చెదిరి వెళ్లే యూనిట్‌కు ఛార్జ్ వల్ల వచ్చే అదనపు దెబ్బను తీసేసేది. ప్రకటించినవన్నీ అందుకోవాల్సిందేనన్న షరతు 2020లో తొమ్మిదవ ఎడిషన్‌తో వచ్చింది, పదవది దాన్ని నిలుపుకుంది.

ఈ షరతు విలువ లెక్కలోనే తెలుస్తుంది. దగ్గరి యూనిట్‌కు 6 పడితే చాలు, దూరపు యూనిట్‌కు 9 కావాలి అనుకుందాం. 6 లేదా అంతకంటే ఎక్కువ పడే అవకాశం 36లో 26, అంటే దాదాపు 72 శాతం. 9కి అది 36లో 10 మాత్రమే, అంటే దాదాపు 28 శాతం. అయినా కొన్నిసార్లు ఆ 28 శాతాన్నే ఎంచుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే పోరులో చిక్కుకున్న పదాతి యూనిట్ పిస్టళ్లు తప్ప వేరే ఆయుధాలతో కాల్చలేదు, వెనక్కి తగ్గితే మామూలుగా ఆ వంతులో కాల్పులూ ఉండవు, ఛార్జూ ఉండదు. రెండు తుపాకీ దళాల నోరు ఒకేసారి మూయించడానికి ఏ మేరకు తెగించాలన్నది పాచికలు వేయకముందే తేల్చుకోవాలి. ఈ నియమంలో నాకు నచ్చేది ఇదే. అదే కంపెనీ మరో ఆట ఏజ్ ఆఫ్ సిగ్మార్‌లో లక్ష్యాన్ని ముందుగా చెప్పే పని లేదు, పాచికలు చూశాకే ఎటు వెళ్లాలో నిర్ణయించుకోవచ్చు. ఆట వేగంగా సాగుతుంది గానీ ఆ ఉత్కంఠ ఉండదు.

అసలు కష్టం బల్ల మీద మొదలవుతుంది. ఏడు లేదా అంతకంటే ఎక్కువ మోడళ్లున్న యూనిట్‌లో ప్రతి మోడల్‌కూ రెండు అంగుళాలలోపు మరో రెండు మోడళ్లు ఉండాలి. పది మోడళ్లను ఒకే వరుసగా సాగదీస్తే మధ్యవాటికి ఇబ్బంది లేదు, చివరి మోడల్‌కే చిక్కు. 32 మిల్లీమీటర్ల బేస్ (మోడల్ కింది పీఠం) వెడల్పు దాదాపు అంగుళంపావు కాబట్టి, చివరి మోడల్ నుంచి మూడోదాకా కొలిస్తే ఖాళీలకు మిగిలేది రెండూ కలిపి ముప్పావు అంగుళమే. అంటే వరుస రెండు కొసల్లోనూ మూడేసి మోడళ్లు దాదాపు ఆనుకుని నిలవాలి. ఈ లెక్క వేయకుండా ప్రకటిస్తే, 10 పడి కూడా ఛార్జ్ విఫలం కావచ్చు. కొలతలు ముందే తీసుకోవడానికి నియమాలు అనుమతిస్తున్నాయి కనుక, టేపుతో రెండు లక్ష్యాలకూ కొలిచి, కొసల్లో నిలిచే మోడళ్లు ఏవో ఎదుటి ఆటగాడికి చెప్పి, ఆ తర్వాతే ప్రకటించడం మంచిది.

ఎక్కువ వాదనలు బేస్‌కు బేస్ తాకించే షరతు దగ్గర వస్తాయి. వీలైన ప్రతి మోడల్ శత్రు మోడల్ బేస్‌ను తాకాలన్నది నిజమే. కానీ అన్ని లక్ష్యాలనూ అందుకోవడం, యూనిట్ చెదరకుండా ఉండడం వంటి ముందరి షరతులన్నీ నెరవేరుతూ వీలైతేనే. దగ్గరి మోడల్‌ను తాకించడం వల్ల వరుస తెగిపోయేటట్లయితే దాన్ని తాకించనక్కర్లేదు. నియమ పుస్తకంలో ఇక్కడ రెండు లక్ష్యాలతో, కదలికల క్రమంతో సహా ఒక బొమ్మ వేసి ఉంటే సగం వాదనలు తలెత్తేవే కావు.

నా ప్రధాన ఫిర్యాదు పైల్ ఇన్ గురించి, అంటే ఛార్జ్ అయ్యాక కొట్టే ముందు మోడళ్లు శత్రువు వైపు ఇంకాస్త జరగడం గురించి. ఛార్జ్ చేసిన యూనిట్ తాను ప్రకటించిన వాటినే కొట్టాలన్న తొమ్మిదవ ఎడిషన్ ఆంక్షను పదవది ఎత్తేసింది. దాంతో దగ్గరి యూనిట్‌ను మాత్రమే ప్రకటించి, చేరుకున్నాక మూడు అంగుళాల పైల్ ఇన్‌తో పక్క యూనిట్‌నూ పోరులోకి లాగవచ్చు. ప్రతి మోడల్ తనకు అతి దగ్గరి శత్రు మోడల్ వైపే జరగాలి, ఇప్పటికే బేస్ తాకిన మోడల్ కదలకూడదు అన్న హద్దులున్నా, అనుభవజ్ఞుడు మోడళ్లను నిలిపే తీరులోనే వాటిని దాటేస్తాడు. ముందు తెగించి ప్రకటించినవాడికి విధించిన మూల్యాన్ని వెనక దారిలో వచ్చినవాడు చెల్లించడం లేదు. ఆ ఆంక్షను తిరిగి తేవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అంతవరకు రెండు లక్ష్యాల ఛార్జ్‌కు నేను పది మోడళ్ల యూనిట్ కంటే ఐదు, ఆరు మోడళ్ల యూనిట్లనే ఎంచుకుంటాను. వాటిలో ప్రతి మోడల్‌కూ ఒక్క పొరుగు మోడల్ చాలు కాబట్టి మధ్యలో రెండేసి అంగుళాల ఖాళీలు వదలవచ్చు, 40 మిల్లీమీటర్ల బేస్‌లైతే వరుస మరింత దూరం సాగుతుంది.